గుండీ

గిరింపేటలో ఎలుమలై టైలరు షాపు మిద్దె మీద
ఆదివారం అయిదు దాటితే యుద్ధం.
నాలుగు చార్టులు అంటించిన పటం,
పెన్సిలుతో గీసిన తేనెపట్టు గళ్ళు.
దామలచెరువు కనుమ వెడల్పు రెండంటే రెండే గళ్ళు.
సిపాయిలు చింతగింజలు,
గుర్రాలు ఒకపక్క అరగదీసిన చింతగింజలు.
దళపతి మాత్రం చొక్కా గుండీ,
గోధుమ రంగుది, నాలుగు కన్నాలది.

గుండీ చస్తే సైన్యం ఏమవుతాదని
మూడు నెలలు కొట్లాడుకున్నాం.
రికార్డు రూములో పనిచేసే యతిరాజులు
"పారిపోవాల్సిందే" అన్నాడు.
"ఇదే కనుమలో ఆర్కాటు నవాబు పడినాడు,
ఇంక యాడ చూసినా దుమ్మే గదా."
కండక్టరు సెల్వరాణి టిక్కెట్ల సంచి పక్కన పెట్టి
"డ్రైవరు గుండె పట్టుకోగానే బస్సు బోల్తా పడదప్పా,
కొంచేపు దాని దోవన అది పోతాది.
మొగిలి ఘాటులోనా, మురకంబట్టు రోడ్డులోనా
అనేది చూడాల" అన్నింది.

అట్ల పుట్టింది పద్నాలుగో రూలు.
చచ్చిన గుండీకి రెండు గళ్ళ లోపలుండే
ప్రతి గింజకీ పాచిక వేయాల.
నాలుగు, ఆ పైన పడితే నిలబడతాది,
లేకుంటే మూడు గళ్ళు వెనక్కి.
దూరంగా ఉండేవాళ్ళకి ఇంకా తెలీదు.
చావు కబురు కూడా నడిచే పోవాల,
వంతుకి ఒక గడి.

లెక్కలు రాసేది నేను.
నలభై ఒక్క యుద్ధాలు, పంతొమ్మిదింట్లో గుండీ పోయింది.
పోగొట్టుకున్నోళ్ళు ఓడింది పదకొండు.
మిగతా ఎనిమిదినీ
నిద్ర రాని రాత్రుల్లో తిరగేసేవాణ్ణి.
ఆరింట్లో, గుండీ పడకముందే
హుకుం అందరికీ అందిపోయి ఉండాది.
ఒకదాంట్లో ఆ దళపతి ఒట్టి మొండోడు,
వాడు పోయినాకనే సైన్యం బాగుపడింది.
ఎనిమిదోది నాది.

దానికి ముందువారమే సెల్వరాణి ఇంకో రూలు తెచ్చింది.
"నర్సింగరాయనిపేట మనకెంత దూరం?
మైసూరు నవాబు ఆడ కన్నుమూస్తే
పెట్టెలో పెట్టి, ఖజానా అని చెప్పి సాగనంపినారంట.
దండుకి తెలీనే లేదు."
కాబట్టి చావుని చీటీలో రాసి పటం కింద దాచొచ్చు.
గుండీని జరుపుకుంటా పోవచ్చు.
అది హుకుం ఇయ్యలేదు, ధైర్యమూ ఇయ్యలేదు,
ఊరికే కనపడతా ఉంటాది, అంతే.
ఎదుటోడికి అనుమానమొస్తే అడగొచ్చు.
తప్పుగా అడిగితే వాడి వంతు పోతాది.

ఆ దినం మూడో వంతుకే నా గుండీ పోయింది.
చీటీ తీసినా. "చచ్చినాడు" అని రాయబుద్ధి కాలా.
"అలసినాడు" అని రాసి మడిచినా.
తర్వాత ఆరు వంతులు
చల్లబడిన మనిషిని చేయిపట్టి నడిపించినట్టు
వేలితో తోస్తా పోయినా.
నా గింజలు కదల్లా.
యతిరాజులు ఆ గుండీ కోసరమే రెండు గుర్రపు దళాల్ని
చెరుకు తోటల వైపు తిప్పి
కనుమని ఖాళీగా వదిలేసినాడు.
తొమ్మిదో వంతుకి కనుమ నాది.

సెల్వరాణి చీటీ విప్పి గట్టిగా చదివింది.
"అలసినాడు అంటే చావు కాదు, ఇది చెల్లదు."
యతిరాజులేమో "చెల్లతాది" అంటాడు,
ఓడినోడే గెలిచినోడి తరఫున వాదించడం
ఆ మిద్దె మీద అదే మొదలు.
"నాకు నాలుగో వంతులోనే తెలుసు,
అడగబుద్ధి కాలా" అన్నాడు,
చెప్పులు వేసుకుంటా, నా మొహం చూడకుండా.
నోటుబుక్కులో ఆ గెలుపు పక్కన
ఇప్పటికీ ప్రశ్నగుర్తే.

అంతలో కింద మిషను ఆగింది.
ఎలుమలై మెట్లెక్కి వచ్చి పటం మీదికి వంగినాడు.
"ఆ గుండీ ఇట్ల ఇయ్యప్పా, రేపు పొద్దున్నే డెలివరీ,
ఆ రంగుది ఇంకోటి దొరకలా."
ఎవరిదో చొక్కా, పైనించి మూడో గుండీ.
నేను చూస్తా ఉండగానే
నాలుగు కన్నాల్లోనూ దారం లాగి
పంటితో తెంపినాడు.